నిమిషమా, మిల్లా

జ్యోతిర్మయి రైఫిల్ పట్టుకుని పడుకుందంటే మనం ఓ కునుకు తీసి రావచ్చు అంటాడు రాజేంద్ర. రైఫిల్ క్లబ్బుకి అతను సెక్రటరీ, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. ఆ మాటలో వెటకారం ఉంది గాని అబద్ధం లేదు. బిలాస్‌పూర్ పొలిమేరలో కోని అనే పేట దాటాక ఉన్న ఆ రేంజిలో మిగిలినవాళ్ళు తమ వంతు గుళ్ళన్నీ పేల్చి, టీ తాగి, రాజకీయాలు మాట్లాడుకుని వచ్చేసరికి కూడా ఆవిడ ఇంకా మొదటి గుళ్ళ దగ్గరే ఉంటుంది. బోర్లా పడుకుని, చెంప రైఫిల్ కర్రకి ఆన్చి, ఊపిరి బిగబట్టి, ఒంట్లో వణుకు పూర్తిగా పోయేదాకా వేలు కదపదు. బతికున్న మనిషికి వణుకు పూర్తిగా ఎప్పుడు పోతుంది? ఆ సంగతి ఆవిడకి చెప్పేదెవరు?

కూరల బండి దగ్గరా అంతే, చీరల కొట్లోనూ అంతే. పెళ్ళి విషయంలోనూ అంతే చేసిందని రైల్వే కాలనీ తెలుగువాళ్ళు చెప్పుకుంటారు. వచ్చిన సంబంధాలన్నిటినీ తూచి తూచి చూసిందట. తూకం పూర్తయ్యేసరికి సంబంధాలు రావడం మానేశాయట. వాళ్ళ నోళ్ళకేం, అంటారు. నలభయ్యారేళ్ళ మనిషి ఒక్కతీ క్వార్టర్లో ఉంటే ఊరికి అదో కాలక్షేపం. కాని సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్ళగానే ఇంట్లో ఎవరూ లేని చప్పుడు ఒకటి వినిపిస్తుంది చూడండి, దాన్ని వాళ్ళెవరూ వినలేదు. ఆవిడ రోజూ వింటుంది.

తాతగారు పలాస వైపు నుంచి రైల్వే గ్యాంగులో పనికి వచ్చి బిలాస్‌పూర్‌లో పాతుకుపోయారు. తండ్రి లోకో షెడ్డులో చేసి రిటైరయ్యారు. ఈవిడ డివిజన్ ఆఫీసులో పంక్చువాలిటీ సెక్షన్‌లో హెడ్ క్లర్కు. ఏ బండి ఎన్ని నిమిషాలు లేటు, ఎందుకు లేటు, ఆ పాపం ఏ డిపార్టుమెంటుది అని తేల్చడం పని. ఇంట్లో అచ్చం శ్రీకాకుళం తెలుగు మాట్లాడుతుంది, అక్షరం మాత్రం రాదు. చదివింది హిందీ బళ్ళో. తెలుగు పుస్తకం చేతికిస్తే అట్ట మీద బొమ్మ చూసి ఇచ్చేస్తుంది.

చంద్రమౌళి ఆ రేంజికి వచ్చింది ఒక ఆదివారం. కరీంనగర్ మనిషి, బ్యాంకు మేనేజరుగా బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చాడు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఆ రోజు జ్యోతిర్మయి గుండు పక్కకి పోయింది. "ఏటిదీ" అని తనలో తను గొణుక్కుంది. వెనకనుంచి ఎవరో నవ్వారు. బిలాస్‌పూర్‌లో రైఫిల్ రేంజి మీద ఏటిదీ అనే మనిషి దొరుకుతుందని తను అనుకోలేదని అతను తరవాత ఎన్నిసార్లు చెప్పాడో.

అప్పటినుంచి అతను బదిలీ అయ్యేదాకా ఇద్దరూ ఒక జట్టు. క్లబ్బు పోటీల్లో జట్టంటే ఇద్దరు. ఒకరు కొడతారు, ఒకరు వెనక కూర్చుని దూరదర్శినిలోంచి గుండు ఎక్కడ పడిందో చూసి ఎంత జరపాలో చెబుతారు. చంద్రమౌళి చెప్పేవాడు. "అర నిమిషం ఎడమ", "పావు నిమిషం కిందికి." ఈ నిమిషం గడియారంలోది కాదు. గుండ్రం మొత్తాన్ని డిగ్రీలు చేసి, ఒక్క డిగ్రీని అరవై ముక్కలు చేస్తే వచ్చే సన్నటి ముక్క. వంద మీటర్ల దూరంలో అంగుళం కన్నా కాస్త పైన, అంతే. రైఫిల్ మీద గురి చూసే స్కోపుకి తిప్పే మర ఉంటుంది. టిక్కుమని ఒకసారి తిప్పితే పావు నిమిషం. ఆఫీసులో నిమిషాలు, ఇక్కడా నిమిషాలేనా అని జ్యోతిర్మయి మొదట విసుక్కుంటే, మీ ఆఫీసు నిమిషం పొడుగు, ఇక్కడి నిమిషం వెడల్పు అన్నాడతను. ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందంటే ఇంటికి వెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉంది.

ఇంకో మాట కూడా అనేవాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, వణుకు పోవాలని ఎదురు చూస్తూ, ఎదురు చూస్తూ ఉంటే, వెనకనుంచి మెల్లిగా, "కొట్టండి ఇంక, మేడం" అనేవాడు. అంతే, వేలు కదిలేది. ఆ ఏళ్ళలో ఆవిడ గెలిచిన కప్పులన్నీ ఆ మాట మీద గెలిచినవే. ఇంకెవరు ఆ మాట అన్నా వేలు కదిలేది కాదు. మరి అతను అంటేనే ఎందుకు కదులుతుంది అని ఆవిడ తనను తాను అడగలేదు. తూకం వెయ్యడానికి భయపడిన వస్తువు అదొక్కటే.

మూడేళ్ళ కిందట అతనికి సొంత జిల్లాకే బదిలీ అయింది. బయల్దేరేముందు, ఫోన్ చేస్తుండండి అన్నాడు. మర్యాదకి అన్నాడనుకుంది. అతనూ చెయ్యలేదు. ఇద్దరూ పండగలకి మెసేజీలు పెట్టుకునేవాళ్ళు. మొదట్లో అతను తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. ఒకసారి కళ్ళు నొప్పిగా ఉన్నాయని రాస్తే ఈవిడ దాన్ని కల్లు అని చదివి, ఈ వయసులో ఈ అలవాటేమిటని కోప్పడుతూ జవాబిచ్చింది. అతను పడీ పడీ నవ్వి, ఇక మనకి హిందీయే క్షేమం అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. అందులో పొరపాటుకి తావులేదని ఇద్దరూ నమ్మారు.

అలాంటి రోజుల్లో స్కోపు పాడైంది. మర టిక్కు టిక్కుమని తిరుగుతుంది గాని లోపలి గీతలు ఉన్నచోటే ఉంటున్నాయి. బాగుచెయ్యడం కుదరదన్నారు. కొత్తది కొనాలి. కొనాలంటే ముందో ప్రశ్న. నిమిషాల స్కోపా, మిల్ స్కోపా?

మిల్లు కూడా కోణాన్ని కొలిచేదే, లెక్క వేరు. దూరంలో వెయ్యో వంతు. వంద మీటర్లకి పది సెంటీమీటర్లు, దాన్ని మళ్ళీ పది టిక్కులు చేస్తారు. లెక్క తేలిక, నోటికి తేలిక. మిలట్రీలో చేసి వచ్చినవాళ్ళు మిల్లే అంటారు. ఇప్పుడు క్లబ్బంతా మిల్లే. రాజేంద్ర చెప్పింది న్యాయంగానే చెప్పాడు. రెండూ మంచివే, నీ వెనక కూర్చునే మనిషి ఏ భాష మాట్లాడతాడో నువ్వు అదే కొనుక్కో, వాడు మిల్లు చెబితే నువ్వు నిమిషం తిప్పావంటే గుండు పక్క ఊరు బెల్తరాలో పడుతుంది అన్నాడు. ఇక్కడ నీకు నిమిషాలు చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కదా అని కూడా అన్నాడు. మామూలుగానే అన్నాడు పాపం. ఆవిడకి మాత్రం గుండెలో కలుక్కుమంది.

చెప్పుకోవడానికి ఆవిడ దగ్గర సాకు లేకపోలేదు. నిమిషంలో పావు టిక్కు మిల్లులో పదో వంతు కన్నా సన్నం, అందుకని నిమిషమే నయం అని రాజేంద్రతో వారాల తరబడి వాదించింది. అసలు సంగతి వేరు. నిమిషాల స్కోపు కొంటే వెనక ఆ ఖాళీ చోటు ఇంకా చంద్రమౌళిదే. మిల్లు కొంటే అతను ఇక రాడని ఒప్పుకున్నట్టే. పోనీ నిమిషమే కొంటే? ఒక్కతే గుండు కొట్టి, లేచి, దూరదర్శిని దగ్గరికి వెళ్ళి చూసుకుని, మళ్ళీ వచ్చి పడుకోవాలి, ఈ మూడేళ్ళూ చేసినట్టే. అలా లేచి కూర్చుంటున్నప్పుడల్లా ఆవిడకి ఏడుపొచ్చేది. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకునేది.

ఇంతలో అతని దగ్గరనుంచి పండగ కాని రోజున మెసేజ్ వచ్చింది. రూర్కెలాలో అక్క ఇంటికి వెళ్తున్నానని, ఆదివారం బండి బిలాస్‌పూర్ మీదుగా వస్తుందని, ఎక్కువసేపు ఆగదని. అంతే ఉంది. జ్యోతిర్మయి దాన్ని ముందునుంచీ వెనకనుంచీ చదివింది. స్టేషన్‌కి రండి అని ఎక్కడా లేదు. పిలవనిదే ఎలా వెళ్తుంది? శుభయాత్ర అని జవాబిచ్చింది. ఇచ్చాక, ఇదేం జవాబు, టికెట్ కలెక్టరు కూడా ఇంతకన్నా ఆప్యాయంగా మాట్లాడతాడు అని తనను తను తిట్టుకుంది.

ఏదో ఒక వంకతో మాట కలపాలి. ఉన్న వంక స్కోపొక్కటే. పెద్ద మెసేజ్ రాసింది. స్కోపు ఎలా పాడైందీ, రాజేంద్ర ఏమన్నదీ, పావు టిక్కు సంగతీ. చదువుకుంటే ఆఫీసు కాగితంలా ఉంది. ఒక్కో వాక్యం కొట్టేస్తూ పోయింది. రేంజి మీద తమ ఇద్దరికీ ఎప్పుడూ ముందు వెనకల అవసరం లేదు కదా, ఒక్క ముక్క చాలు కదా అనుకుంది. చివరికి మిగిలింది ఇది: "మిల్ లూ యా మినట్?" మిల్ తీసుకోనా, మినిట్ తీసుకోనా అని. పంపేసింది.

జవాబు వెంటనే వచ్చింది. అంత తొందరగా అతనెప్పుడూ ఇవ్వలేదు. "మిల్ లో. మినట్ తో బహుత్ కమ్ హై." మిల్లే తీసుకో, మినిట్ మరీ తక్కువ.

జ్యోతిర్మయి దాన్ని రెండుసార్లు చదివింది. నిమిషం తక్కువట. ఎవరు నేర్పారు తనకి నిమిషం? ఎవరు అర నిమిషం, పావు నిమిషం అంటూ అన్నేళ్ళు చెవి వెనక కూర్చున్నది? కరీంనగర్ వెళ్ళి తనూ మిల్లులోకి మారిపోయాడన్నమాట. అక్కడ ఎవరి వెనకో కూర్చుని మిల్లులు చెబుతున్నాడన్నమాట. ఏడుపూ రాలేదు. మర్నాడు రాజేంద్రకి ఫోన్ చేసి, మిల్ స్కోపు తెప్పించమంది. ఇన్ని వారాల తరవాత ఆవిడ నోటినుంచి ఒక నిర్ణయం వచ్చినందుకు అతను నిర్ఘాంతపోయాడు.

ఆదివారం ఆవిడ రేంజికి వెళ్ళలేదు. కారణం అడిగితే నడుం నొప్పి అని చెప్పేది. పొద్దున్నే తలంటుకుని ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఎందుకు కట్టుకుందో అడగొద్దు. ఆ బండి ఎక్కడుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, అదే కదా ఉద్యోగం. రాయ్‌పూర్ దాటింది, భాటాపారా దాటింది, సిగ్నల్ కోసం ఊరి బయట కాసేపు ఆగింది, వచ్చింది. క్వార్టర్ నుంచి స్టేషన్ నడిచి వెళ్ళేంత దూరం. గాలి ఇటు తిరిగితే మైకులో బండి పేరు కూడా వినిపిస్తుంది. వినిపించింది. గేటుదాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. పిలవని పేరంటానికి వెళ్ళి కిటికీ కిటికీకీ తొంగి చూస్తూ నిలబడనా, అతను చూసి, అరె మేడం మీరేంటి ఇక్కడ అంటే ఏం చెప్పను అనుకుంది. వెళ్ళనా వద్దా అని తూచుతూనే ఉంది. బండి కూత వేసింది. ఇంజను ఊపందుకున్న చప్పుడు దూరమయ్యేదాకా అక్కడే ఉండి, లోపలికి వచ్చి చీర మార్చుకుంది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక మెసేజ్ వచ్చింది. మీరు రాలేదు, ఫరవాలేదు, నేను కిందికి దిగి నిలబడ్డాను అని హిందీలో.

జ్యోతిర్మయికి మొదట అర్థం కాలేదు. రాలేదు అనడమేమిటి, ఎవరు రమ్మన్నారు? వేలితో పైకి జరిపి పాత మెసేజీలు చూసింది. తనదీ అతనిదీ ఆ రెండే వాక్యాలు. ఈసారి పైకి వినపడేలా చదివింది. తన గొంతు తన చెవిన పడ్డాక తెలిసింది. మిల్ లూ. హిందీలో కలవనా అని కూడా అదే మాట కదా. కలవనా, లేక ఒక్క నిమిషమేనా అని తను అడిగినట్టుంది. కలువు, నిమిషం మరీ తక్కువ అని అతనన్నాడు. పుట్టినప్పటినుంచి ఈ ఊళ్ళో హిందీ మాట్లాడుతున్న మనిషికి ఆ ముక్క తోచలేదు చూడండి. తోచకపోవడానికి కారణం ఒక్కటే, అలా అడిగే ధైర్యం తనకి ఉంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఎండిపోయింది.

ఇప్పుడేం రాయాలి? నేను అడిగింది స్కోపు గురించి అని నిజం రాస్తే, మిమ్మల్ని కలుస్తానని నేను అడగనే లేదు అని అతని మొహాన చెప్పినట్టు. ప్లాట్‌ఫాం మీద అంతమందిలో ఎదురు చూసిన మనిషిని ఇంకోసారి చిన్నబుచ్చినట్టు. పోనీ కలుస్తాననే అన్నాను, రాలేకపోయాను అంటే అబద్ధం. అడిగి, రమ్మనిపించుకుని, రాని మనిషి అవుతుంది. రెండిట్లో ఏది? ఆదివారమంతా రాసింది, కొట్టేసింది. సోమవారం ఆఫీసులో బళ్ళ ఆలస్యాల మధ్య రాసింది, కొట్టేసింది. ఒకసారి ఫోన్ చెయ్యబోయింది, అక్కగారింట్లో భోజనాల వేళేమో అని మానేసింది. మంగళవారం రాజేంద్ర కబురు చేశాడు, సిర్గిట్టిలో కొరియర్ గోదాముకి పార్సిల్ వచ్చిందని. వెళ్ళి తెచ్చుకుంది. కొత్త స్కోపు నల్లగా, బరువుగా, బాగుంది. బల్లమీద దాన్ని పెట్టుకుని కూర్చుంటే, దీన్ని బిగించుకుని ఎవరితో ఆడాలి అనిపించింది. ఆ నిమిషాన దుఃఖం ఆగలేదు. ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, పగటి వెలుగు ఉండగానే ఫోన్ చేసింది.

అతను మొదటి మోతకే ఎత్తాడు. బాగున్నరా మేడం అన్నాడు. గొంతు ఏమీ మారలేదు. కుశలప్రశ్నలు మొదలుపెడితే మళ్ళీ తూకంలో పడతానని ఆవిడకి తెలుసు, అందుకని గబగబా చెప్పేసింది. స్కోపు పాడైందని, మిల్లు కొనాలా నిమిషం కొనాలా అని అడిగానని, అతను రాసింది కూడా స్కోపు గురించే అనుకున్నానని.

అవతల అతను చిన్నగా నవ్వాడు.

"అచ్ఛా. స్కోపా" అన్నాడు. తను రేంజికి పోయి మూడేళ్ళయిందని, కరీంనగర్ వెళ్ళగానే రైఫిల్ ఎవరికో ఇచ్చేశానని, స్కోపు సంగతే మనసుకి రాలేదని చెప్పాడు. "నేనే పరేషాన్ చేసిన మిమ్మల్ని. మాఫ్ చెయ్యండి మేడం."

ఆ మాఫ్ చెయ్యండి అన్న గొంతులో ఒక తలుపు మూసుకుంటున్నట్టు ఆవిడకి తెలిసిపోయింది. వెనకనుంచి కొట్టండి ఇంక అనేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ అనకుండానే చెప్పింది.

"కాదండి. స్కోపు గురించే అడిగేను. గాని మీరు ఏటి చదువుకున్నారో అదే అడగాలనుండేది నాకు. ధైర్యం లేక స్కోపు గురించి అడిగేను. బండొచ్చినప్పుడు గేటు కాడ నిల్చున్నాను. మీరు పిలిచేరని తెలిస్తే పరుగెత్తుకొచ్చీదాన్ని."

అతని వెనక ఎవరో ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, గిన్నెల చప్పుడు.

"పెట్టెతో సహా దిగిన మేడం" అన్నాడు చివరికి. "రూర్కెలా పోవద్దనే దిగిన. మా అక్క ఇక్కడ ఒక సంబంధం చూసింది. వస్త అని మాట ఇచ్చిన గని, మీ మెసేజ్ వచ్చినంక ఇంక పోవుడెందుకు అనుకున్న. బండి కదిలేదాక చూసి మళ్ల ఎక్కిన. ఇక్కడికొచ్చి కూడ ఆదివారమంత ఏం చెప్పలే వీళ్లకు. మీ ఫోన్ వస్తదేమో అని చూసిన. నిన్న సాయంత్రం సరే అన్న."

నిన్న అంటే సోమవారం. ఆవిడ ఆఫీసులో రాస్తూ, కొట్టేస్తూ ఉన్న రోజు. ఎవరి ఆలస్యం ఎవరి ఖాతాలో వెయ్యాలో తేల్చడం ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు. ఇది పూర్తిగా తనదే.

"ఆవిడ పేరేటండి?" అని అడిగింది.

"నీలవేణి."

"మంచి పేరు" అంది. నిజంగానే మంచి పేరు. ఫోన్ పెట్టేస్తే ఇల్లంతా మళ్ళీ ఆ చప్పుడే అని తెలుసు, అందుకని పెట్టలేదు. అతనూ పెట్టలేదు.

కొంతసేపటికి అతనే అడిగాడు, ఏ స్కోపు కొన్నారని.

"మిల్లేనండి" అంది. "మీరు తీసుకోమన్నారు కదా."

"నేను తీసుకోమనలే మేడం. కలవమన్న."

"తెలుసండి" అంది జ్యోతిర్మయి. "ఇప్పుడు తెలిసింది."